సరకు ఛాయాచిత్రములు: మసక బొమ్మను బాగుచేయు విధము

సరకును కన్నులార చూచి, చేత పట్టి, నలిపి, వాసన చూచి బేరమాడుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. యార్డునకు బస్తా చేరినతోడనే వర్తకుడు మచ్చు తీసి చూచును. ఆన్‌లైను విక్రయమునందు అట్టి వీలు లేదు. కొనువాడు హైదరాబాదునందో బెంగుళూరునందో యుండును. వానికి మన మిరపకాయయు, పసుపు కొమ్మును ఫోను తెరపై అగపడు బొమ్మ మాత్రమే. కావున నేడు బొమ్మయే మచ్చు. మచ్చు మసకబారియున్నచో మంచి సరకునకు సైతము తగిన ధర పలుకదు. అట్టి బొమ్మలు ఎట్లు పుట్టుచున్నవో, వానిని ఎంతవరకు బాగుచేయవచ్చునో, ఎక్కడ నిలుపవలయునో సభ్యులకు విన్నవించుచున్నాము.

మసక ఎట్లు కలుగును?

ఛాయాచిత్రము సన్నని చుక్కల సముదాయము. ఈ చుక్కకు పిక్సెల్ అని పేరు. చుక్కలు ఎక్కువైన కొలది వివరము ఎక్కువగును. 400 చుక్కల వెడల్పును, 300 చుక్కల ఎత్తును గల బొమ్మలో మొత్తము 1,20,000 చుక్కలుండును. 1600 వెడల్పును, 1200 ఎత్తును గలదానిలో 19,20,000 చుక్కలుండును. అనగా 16 రెట్లు. అమెజాన్ అంగడిలో కొనువాడు బొమ్మను పెద్దది చేసి చూడవలెనన్న దాని పొడవైన ప్రక్కన కనీసము 1000 చుక్కలుండవలయును.

ఇప్పటి ఫోనులు ఇంతకంటె పెద్ద బొమ్మలనే తీయగలవు. అట్లయ్యును బొమ్మ త్రోవలో చిన్నదగుచున్నది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినపుడు చుక్కలు తగ్గును. తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపినను అంతియే. తీయునపుడే తెరను వ్రేళ్లతో సాగదీసిన బొమ్మలో వివరము మొదలే కొరవడును.

పోయిన వివరము తిరిగి వచ్చునా?

రాదు. ఈ యొక్క మాట సభ్యులు మరువరాదు. పాతపద్ధతిలో యంత్రము ఇరుగుపొరుగు చుక్కల రంగులను సరాసరి కట్టి నడుమ క్రొత్త చుక్కలను నింపును. బొమ్మ పెద్దదగును గాని మసక పోదు. 2014లో హాంగ్‌కాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేరొక త్రోవ చూపిరి. యంత్రమునకు పెక్కు బొమ్మలను చిన్నవిగను పెద్దవిగను జతపరచి నేర్పినచో, చిన్నదానిని చూచి పెద్దది ఎట్లుండునో అది ఊహించును. నేడు ‘కృత్రిమ మేధతో స్పష్టము చేయుదుము’ అను సాధనములు ఈ త్రోవననుసరించినవే.

ఫలితము కన్నులకు ఇంపుగానే యుండును. కాని 400 చుక్కల వెడల్పును 1600కు పెంచినపుడు ప్రతి 16 చుక్కలలో ఒక్కదానికి సరిపడు వివరమే కెమెరా చూచినది. తక్కిన 15 చుక్కలును యంత్రపు టూహ. ఆ యూహలో తాలుకాయ మీది తెల్లమచ్చ మాసిపోవచ్చును. ముడుత పడిన కాయ నున్నగా మెరయవచ్చును. నూకలు నిండు గింజలవలె తోచవచ్చును. సంచిమీది చిన్న యక్షరములును, బరువు అంకెలును వంకరపోవుట కద్దు. సరకు చేరినపిదప కొనువాడు ‘మచ్చు వేరు, సరకు వేరు’ అనును.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమముల ప్రకారము బొమ్మయు, వర్ణనయు సరకు నిజరూపమునకును, గుణమునకును సరిపోవలయును. ప్రకటించిన లక్షణములు లేని సరకును తిరిగి తీసికొనుటకు విక్రేత నిరాకరింపరాదు. రానుపోను కిరాయి నష్టము ఒక యెత్తు, సంఘము పేరునకు వచ్చు మచ్చ మరియొక యెత్తు. ఒక్క సభ్యుని బొమ్మ అబద్ధమాడినచో తక్కిన వారి బస్తాలను కూడ జనులు శంకింతురు.

తీయునపుడే జాగ్రత్త

సరకు చేతనుండగా బొమ్మను మరల తీయుటయే ఉత్తమమైన చికిత్స.

1. కెమెరా కంటిని మెత్తని నూలుగుడ్డతో తుడువవలయును. దానికంటిన చెమటయు, నూనెయు మంచుతెరవలె అడ్డుపడును.

2. ఉదయపు వెలుతురున, అరుగుమీద నీడపట్టున తీయవలయును. మిట్టమధ్యాహ్నపు టెండలో రంగు వెలవెలబోవును. రాత్రి దీపపు వెలుగున పసుపు నిజమైన రంగు తెలియదు.

3. తెల్లని పంచె పరచి దానిపై సరకు నుంచవలయును. పంచె తెల్లగా అగపడినచో తక్కిన రంగులును సరిగానున్నవని గుర్తు.

4. తెరను సాగదీయక మనమే సరకు దగ్గరకు పోవలయును. మోచేతులను బస్తాకు ఆనించి పట్టినచో చేయి వణకదు.

5. ఒక్కొక్క సరకునకు మూడు బొమ్మలు కావలయును: నిండు బస్తా, దగ్గరనుండి గుప్పెడు సరకు, విరిచిన కొమ్ము లేక చీల్చిన కాయ. ప్రక్కన రూపాయి నాణెముంచినచో పరిమాణము తెలియును.

6. వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపవలయును. అట్లు పంపినచో చుక్కలు తగ్గవు.

ఉన్న బొమ్మను బాగుచేయు క్రమము

మరల తీయుటకు వీలులేనిచో మూలమును భద్రపరచి నకలుపై పనిచేయవలయును. మొదట అనవసరపు అంచులను కత్తిరింపుడు. పిదప వెలుతురు సరిచేయుడు. దీనికి ఫోనులోని సాధనమే చాలును. పిమ్మట అవసరమైనచో రెండు రెట్లకు మించకుండ పెంచుడు. తుదకు అంచులకు కొంచెము పదును పెట్టుడు. అది మితిమీరినచో కాయల చుట్టు తెల్లని గీతలు తేలును. కంప్యూటరు గలవారికి గింప్ అను ఉచిత సాధనము ఈ పనులన్నింటికి చాలును. మిరప యెరుపును, పసుపు ఛాయను మాత్రము పెంచరాదు.

ఇంతయు ముగిసిన పిదప గుప్పెడు సరకును పగటి వెలుతురున ఫోను ప్రక్కనుంచి, బొమ్మను సవరింపని వేరొక సభ్యునికి చూపవలయును. అతడు రెండును ఒక్కటే యన్నచో ఆ బొమ్మను అంగడికెక్కింపవచ్చును. సరకే మేలుగానున్నదన్నచో వెలుతురు మరల సరిచూడవలయును. బొమ్మయే మేలుగానున్నదన్నచో దానిని త్రోసివేయవలయును.

మంచి సరకునకు మంచి బొమ్మ తోడైన ధర నిలుచును. చెడు సరకునకు తోడైన మంచి బొమ్మ ఒక్క బేరముతో బయటపడును. సభ్యులెల్లరు రానున్న కోతలనుండి ఈ క్రమమును పాటింతురు గాక.