సప్తపర్ణిపై పడిన నింద
పుప్పొడిని గూర్చిన అపోహలు – వాస్తవములు

విశాఖపట్టణమున కార్తీకమాసపు సాయంకాలములందు, దీపములు పెట్టు వేళ దాటగానే, వీథులవెంట బారులు తీర్చి నాటిన ఏడాకుల పాల (సప్తపర్ణి) చెట్లనుండి ఒక ఘాటైన పరిమళము దిగివచ్చి, కిటికీలు మూసినను లోనికి జొరబడి, కొందఱికి తలనొప్పిని, కొందఱికి ఆయాసమును, మఱికొందఱికి వట్టి విసుగును కలిగించుచుండును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను నగరములోని వృక్షసంపదను నేలమట్టము గావించిన పిమ్మట, వేగముగా పెరిగి ఏడాది పొడవునను పచ్చగా నుండు చెట్టని దీనిని విరివిగా నాటిరి; అవి యెదిగి పూతకు వచ్చిన తోడనే, వీని పుప్పొడివలననే ఊరిలో ఉబ్బసము పెచ్చు పెరిగినదనియు, మొదలంట నఱికివేయవలసినదనియు కేక బయలుదేఱినది.

ఈ వాసనయొక్క ప్రతాపము నేటిది కాదు. శరదృతువున దిగ్విజయయాత్రకు వెడలిన రఘుమహారాజు ఏనుగులు, మదగంధమును బోలిన సప్తపర్ణపుష్పముల తావి సోకగానే అసూయ చెందినవానివలె తామును మదజలమును స్రవించెనని కాళిదాసు రఘువంశ చతుర్థసర్గమున వర్ణించియున్నాడు. ఏనుగులకే రోషము తెప్పించిన పూవు మనకు తలనొప్పి తెచ్చుటలో వింత యేమున్నది? అయితే వాసన వేఱు, పుప్పొడి వేఱు. వంటింటిలో ఎండుమిరపకాయల తాలింపు మాడినపుడు ఇంటిల్లిపాదియు తుమ్ముదురు, దగ్గుదురు. అంతమాత్రమున ఆ యింటివారికి మిరపకాయ ‘పడద’ని యెవ్వరును అనరు. ఘాటు ముక్కుపొరను నేరుగా రేపును. అది యెవరినైనను బాధించును. అలర్జీ యనునది అట్టిది కాదు. పుప్పొడిలోని మాంసకృత్తును శరీరము శత్రువని పొరబడి, దానికై ప్రత్యేక ప్రతిరక్షకములను సిద్ధము చేసికొని, అది మఱల ముక్కున జొచ్చినపుడు హిస్టమిన్ అను ద్రవ్యమును విడుదల చేయగా తుమ్ములును, కన్నుల దురదయు, ముక్కు కారుటయు సంభవించును. నూఱుగురిలో తొంబదిమందికి ఏమియు చేయని రేణువు మిగిలినవారిని రాత్రియెల్ల నిద్రపోనీయకపోవుటకు కారణ మిదియే.

ఇంతకును, కంటికి ఇంపుగను ముక్కుకు ఘాటుగను ఉండు పూవే అపాయకరమన్న నమ్మకము తలక్రిందులైనది. రంగును, తావియు కీటకములకు పంపిన పిలుపులు. అట్టి పూల పుప్పొడి బంకగా, బరువుగా నుండి, తుమ్మెద కాలికో సీతాకోకచిలుక తొండమునకో అంటుకొని పోవునే గాని గాలిలో నంతగా తేలదు. తురాయి, గులాబి, ఏడాకుల పాల, అన్నియు ఈ తెగవే. గాలిని నమ్ముకొన్న మొక్కలకు అలంకారముతో పనిలేదు. గరిక, తోటకూర, ఆముదము, సరుగుడు, చలికాలము చివర ఆకులు రాల్చి యెవరి కంటను బడకుండ పూచు నెమలినార: వీని పూవులను పూవులని గుర్తించువారే అరుదు. కాని పొడిగా, తేలికగా, లెక్కకు మిక్కిలిగా పుప్పొడిని గాలిలో వదలునవి యివియే.

ఏడాకుల పాల సర్వథా నిర్దోషియని నేను వాదించుట లేదు. ఉబ్బసరోగికి ఏ ఘాటైన వాసనయైనను ఆయాసము తేగలదు. అగరుబత్తి పొగయు అట్టిదే. తోటలో ఒకటి రెండు చెట్లున్నచో ముచ్చటపడెడివారమే. ఒకే జాతిని వీథి పొడవునను కిటికీల యెదుట నాటించిన అవివేకము మనుజులది గాని మ్రానిది కాదు. మఱియు ఆ పూత కాలముననే వానలు వెలిసి బూజు పెరుగును. రాత్రి చల్లని గాలి నేలనంటి నిలిచి పొగను, ధూళిని పైకి పోనీయదు. ముక్కునకు తెలిసినది వాసన యొక్కటే గనుక నేరమంతయు దానిపై బడినది.

కాశ్మీరమునందును ఇట్టి కథయే జరిగినది. అచట రష్యన్ పోప్లరని పిలువబడు చెట్టు, పేరునకు రష్యాది, పుట్టుకకు అమెరికాది; వేసవి తొలినాళ్ళలో దాని దూది మంచువలె వీథులనిండ ఎగురును. అది అలర్జీ కలిగించు పుప్పొడియని జనులు భయపడగా, వ్యాజ్యములు నడచి, వేలకొలది చెట్లు నేలకూలినవి. ఆ దూది ఆడ చెట్టు గింజలకంటిన నూగు. ఆడ చెట్టునకు పుప్పొడియే లేదు. మగ చెట్ల పుప్పొడి వారముల ముందే రాలిపోయియుండును. దూది యెగురు దినములలోనే గడ్డిజాతులు పూచి గాలిని నింపుచుండును. మన బూరుగుదూదిని చూచి ముక్కు మూసికొనువారును ఈ సంగతి గుర్తింపదగును.

ఇంటి ముందరి చెట్టు కొట్టించినచో పీడ వదలునన్నది ఇంకొక భ్రమ. పందొమ్మిదవ శతాబ్దిలో మాంచెస్టరునందలి చార్లెస్ బ్లాక్లీ యను వైద్యుడు, తానే పుప్పొడి అలర్జీచే పీడితుడగుటచే, జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు గట్టి వేయి అడుగులకు పైన ఎగురవేసి, అంత యెత్తునను పుప్పొడి కలదని కనుగొని, 1873లో గ్రంథము ప్రకటించెను. అంత పైకెగసి గాలివెంట పోవు రేణువు ఇంటి ముందరి చెట్టునుండియే రానక్కరలేదు. ఆ వ్యాధిని ఆంగ్లేయులు ఎండుగడ్డి జ్వరమందురు. దానికి ఎండుగడ్డియు కారణము కాదు, అందు జ్వరమును రాదు.

ఉద్యానముల నిందించువారు ప్రక్కనున్న ఖాళీ స్థలమువంక చూడరు. 1950ల నడుమ పూనా ప్రాంతమున కంటబడి దేశమంతట అల్లుకొన్న వయ్యారిభామ అచట నడుమెత్తున నిలిచియుండును. దాని పుప్పొడి ముక్కునకును, ఆకు చర్మమునకును కీడు. పూతకు రాకమున్నే, చేతులకు తొడుగులు వేసికొని వేళ్ళతో పెఱుకవలెను.

దేనివలన బాధ కలుగుచున్నదో ఊహలతో తేలదు. వైద్యుడు ముంజేతిపై వేర్వేఱు సారముల చుక్కలు వేసి, సూదిమొనతో గీఱి, ఇరువది నిమిషములలో ఏ చుక్కకు దద్దురు లేచునో చూచును. ఆ వరుసలో గరిక యుండును, వయ్యారిభామ యుండును, పఱుపుల దుమ్ములోని పురుగుకు సంబంధించినదియు నుండును. పరిమళమునకు మాత్రము చుక్క లేదు.