లండన్ విమానం ఆలస్యమైతే ఎవరికెంత?

హైదరాబాద్ నుంచి లండన్‌కు బ్రిటిష్ సంస్థ విమానం నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా చేరిందనుకోండి. తప్పు ఆ సంస్థదే అయితే ఒక్కో ప్రయాణికుడికి 520 పౌండ్ల పరిహారం. అదే దారిలో అంతే ఆలస్యంగా చేరింది భారతీయ సంస్థ విమానమైతే బ్రిటన్ చట్టం కింద పైసా రాదు. తిరుగు ప్రయాణంలో ఈ తేడా ఉండదు. బ్రిటన్ నుంచి బయల్దేరే విమానం ఏ దేశ సంస్థదైనా అక్కడి చట్టానికి లోబడాల్సిందే. టికెట్ మీద ఎవరి పేరుందన్నది కాదు, విమానం నడిపిందెవరన్నదే లెక్క. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు టికెట్ కొనేటప్పుడు ధరతో పాటు దీన్నీ చూడాలంటాను.

ఈ చట్టానికి మూలం ఐరోపా సమాఖ్య 2005 ఫిబ్రవరి 17 నుంచి అమలు చేసిన 261వ నిబంధన. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ దాన్ని దాదాపు అలాగే ఉంచుకుంది. అసలు పాఠంలో ఆలస్యానికి నగదు ఊసే లేదు. రద్దయితేనే, సీటివ్వకపోతేనే డబ్బు. మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరినవాళ్ల నష్టమూ అలాంటిదేనని 2009 నవంబరులో స్టర్జన్ కేసులో ఐరోపా న్యాయస్థానం చెప్పాకే ఈ హక్కు వచ్చింది.

చేరడమంటే చక్రాలు నేలను తాకడం కాదు. జర్మన్‌వింగ్స్ విమానమొకటి కొలోన్-బాన్‌లో 2 గంటల 58 నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఆగాల్సిన చోటికి వచ్చేసరికి 3 గంటల 3 నిమిషాలైంది. తలుపు తీసి, ప్రయాణికులను దిగనిచ్చినప్పుడే చేరినట్టని 2014లో తీర్పొచ్చింది. అలా అయిదు నిమిషాల్లో హక్కు పుట్టింది! మన దారిలో మూడు, నాలుగు గంటల మధ్యయితే సగమే, 260 పౌండ్లు. అందుకే తలుపు తెరిచిన టైము రాసిపెట్టుకోవాలి.

పైలట్‌కు ఒంట్లో బాగోలేదన్న సాకు చెల్లదు. సిబ్బంది జబ్బుపడటం సంస్థ రోజువారీ వ్యవహారమేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. మామూలు సాంకేతిక లోపాలదీ అదే దారి. తుఫాను, పొగమంచు వేరు. డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీలో కమ్మే పొగమంచుకు నగదు రాదు. అయినా బ్రిటన్ చట్టం వర్తించే ప్రయాణమైతే భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ ఇవ్వాల్సిందే. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనూ ఆలస్యానికి తిండి, బస ఉన్నాయి. నగదు పరిహారం మాత్రం లేదు. ఇది మారాలి. ఆరేడు గంటలు కుర్చీల్లో కూర్చున్నవాళ్ల సమయానికి మన దగ్గరా విలువ కట్టాలి.

దుబాయ్ మీదుగా వచ్చేవాళ్లకు మేలైన తీర్పు 2017 నాటిది. ఇంగ్లండ్‌లో ఎక్కిన విమానం ఆలస్యమై దుబాయ్‌లో తర్వాతి విమానం తప్పిపోతే, ఒకే బుకింగ్‌లో చివరి గమ్యానికి ఎంత ఆలస్యంగా చేరారన్నదే లెక్కని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఎమిరేట్స్ కేసులో చెప్పింది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఈ రక్ష పోతుంది.

ఇంత దూరపు ప్రయాణంలో భోజనం హక్కు నాలుగు గంటలు దాటాకే. కానీ వీల్‌చెయిర్ మీద వెళ్లే పెద్దవాళ్లకు, వాళ్ల వెంట ఉన్నవాళ్లకు ఆలస్యం ఎంతైనా వీలైనంత త్వరగా చూసుకోవాలని చట్టంలోనే ఉంది. కౌంటర్‌లో ధైర్యంగా అడగండి.

సామాను సంగతికి మాంట్రియల్ ఒప్పందం ఉంది. భారత్‌లో 2009 నుంచి అమల్లో ఉంది. బ్యాగు దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందాక 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ ఒప్పందం కింద దావాకు రెండేళ్లే గడువు. 520 పౌండ్లకైతే ఇంగ్లండ్ కోర్టుల్లో ఆరేళ్లుంది.