పాడ్‌కాస్ట్ ఎంబెడ్: పేరాల కథ వెబ్‌పేజీలోనే వినిపించాలా? ప్లేయర్ పెట్టేముందు ఇవి తెలుసుకోండి

చీరాల-పేరాల ఉద్యమం గురించి పుస్తకంలో చదివినవాళ్లు చాలామందే ఉంటారు. అదే కథ పేరాల పెద్దల గొంతులో వింటే ఆ అనుభూతే వేరు. 1921లో మున్సిపాలిటీ పన్నులను వ్యతిరేకిస్తూ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు ఖాళీ చేశారు. ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఆనాటి తరం ఇప్పుడు లేదు. వాళ్ల నోట విన్న మనవలు కూడా పెద్దవాళ్లైపోయారు.

ఇలాంటి జ్ఞాపకాలను ఫోన్‌లో రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పెట్టడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. మరి ఆ ఎపిసోడ్‌ను వెబ్‌సైట్‌లో వ్యాసం మధ్యలోనే వినిపించాలంటే? అందుకే ఎంబెడ్.

ఎంబెడ్ అంటే ఏంటి?

ఆడియో ఫైల్ వెబ్‌సైట్‌లోకి రాదు. అది స్పాటిఫై, యూట్యూబ్ లాంటి చోటే ఉంటుంది. పేజీలో కనిపించేది ఆ ఫైల్‌కు తెరిచిన కిటికీ మాత్రమే. దీన్నే ఐఫ్రేమ్ అంటారు. చదివేవాళ్లు పేజీ వదిలి వెళ్లక్కర్లేదు, ప్లే బటన్ నొక్కితే చాలు.

కోడ్ ఎక్కడ దొరుకుతుంది?

కంప్యూటర్‌లో ఎపిసోడ్ తెరిచి, షేర్ నొక్కితే ఎంబెడ్ ఆప్షన్ కనిపిస్తుంది. ఆ కోడ్ కాపీ చేసి, పేజీలో హెచ్‌టీఎమ్‌ఎల్ బ్లాక్‌లో పేస్ట్ చేయాలి. ఫోన్ యాప్‌లో సాధారణంగా లింక్ మాత్రమే వస్తుంది. అలాంటప్పుడు బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ మోడ్ ఆన్ చేసి చూడాలి. వర్డ్‌ప్రెస్ సైట్ అయితే ఇంకా తేలిక. స్పాటిఫై లేదా యూట్యూబ్ లింక్‌ను విడిగా ఒక లైన్‌లో పెడితే ప్లేయర్ దానంతటదే వచ్చేస్తుంది.

డేటా ఎంత ఖర్చవుతుంది?

128 కేబీపీఎస్ ఆడియోకు నిమిషానికి దాదాపు 1 ఎంబీ పడుతుంది. అంటే 20 నిమిషాల ఎపిసోడ్‌కు సుమారు 19 ఎంబీ. మాటలే ఉన్న రికార్డింగ్‌కు 64 కేబీపీఎస్ కూడా సరిపోతుంది, ఖర్చు సగానికి తగ్గుతుంది. అయితే ఒకే పేజీలో ఐదారు ప్లేయర్లు పెడితే ఎవరూ ప్లే నొక్కకముందే పేజీ బరువెక్కుతుంది. లేజీ లోడింగ్ పెడితే, కిందికి స్క్రోల్ చేసినప్పుడే ప్లేయర్ లోడ్ అవుతుంది. ఆటోప్లే మాత్రం వద్దు. బస్సులోనో, ఆఫీసులోనో ఉన్నట్టుండి సౌండ్ వస్తే పేజీ వెంటనే మూసేస్తారు.

అసలు చిక్కు ఇక్కడే!

ఫైల్ వేరేచోట ఉంటుంది కాబట్టి, అక్కడ తీసేస్తే ఇక్కడ ఖాళీ డబ్బా మిగులుతుంది. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడింది. దాని లింకులనే నమ్ముకున్న పాత పేజీలకు దారి మూసుకుపోయింది. సినిమా కబుర్లయితే పోతే పోయాయి అనుకోవచ్చు. తాత చెప్పిన రామనగర్ కథ పోతే మళ్లీ చెప్పేవాళ్లుండరు.

అందుకే ఒరిజినల్ ఫైల్‌ను రెండుచోట్ల దాచుకోవాలి. ఒకటి హార్డ్‌డిస్క్‌లో, మరొకటి క్లౌడ్‌లో. హోస్టింగ్ కంపెనీ మారాల్సి వస్తే పాత ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ను కొత్తదానికి రీడైరెక్ట్ చేయించుకోవాలి. ఆ తర్వాత పేజీల్లోని ఎంబెడ్ కోడ్‌లు కూడా మార్చాలి. ఫీడ్ మారినంత మాత్రాన అవి వాటంతటవే మారవు.

ప్లేయర్ కింద నాలుగు మాటలు

ప్లేయర్ ఒక్కటే పెట్టి వదిలేయొద్దు. ఎవరు మాట్లాడారు, ఎప్పుడు రికార్డు చేశారు, ఏ నిమిషంలో ఏ విషయం ఉందో కింద రాయాలి. వీలైతే మాటలన్నీ అక్షరాల్లో పెట్టాలి. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు అదే ఆధారం. సెర్చ్‌లో పేరాల అని వెతికినా పేజీ దొరికే అవకాశం పెరుగుతుంది. రేపు ప్లేయర్ పనిచేయకపోయినా, కథ మాత్రం పేజీలో మిగులుతుంది.

ఇంకో మాట. పెద్దల గొంతు రికార్డు చేసేముందు, అది ఇంటర్నెట్‌లో పెడతామని చెప్పి వాళ్ల అనుమతి తీసుకోవడం తప్పనిసరి.