ఎడమ మూడు, గుంత, కుడి రెండు

మీలో చాలామంది ‘కల్కి 2898 ఏ.డి.’ చూసే ఉంటారు. ఆ సినిమా రావడానికి ముందు, 2024 మే 31న, ప్రైమ్ వీడియోలో రెండే రెండు ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్ ఒకటి వచ్చింది, ‘బుజ్జి అండ్ భైరవ’ అని. ఛోటా భీమ్‌ని చేసిన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ళ పనే అది కూడా. మా ఇంట్లో దాన్ని తమ్ముడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు: “అక్కా, బుజ్జి కారు కదా. మరి భైరవకి బుద్ధులెందుకు చెప్తా ఉంటుంది?”

నేను అప్పటికి ర్యాలీ పిచ్చిలో పడి ఆరు నెలలైంది. అందుకే టక్కున చెప్పాను, “అది కారు కాదురా, కో-డ్రైవర్.” వాడికి అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు ర్యాలీ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే మన క్లాసులో ర్యాలీ అంటే జెండాలు పట్టుకుని నడిచేది అనే అనుకుంటున్నారు (నేనూ అంతే అనుకునేదాన్ని).

కార్ రేసు రెండు రకాలు అనుకోండి. ఒకటి సర్క్యూట్ రేసు. ఒకే ట్రాక్, అందరూ ఒకేసారి బయల్దేరి గుండ్రంగా తిరుగుతారు. 2024 ఆగస్టు చివర్లో మన ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట ఫార్ములా 4 జరిగింది, గుర్తుందా? అది ఈ రకం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ కూడా ఇదే. రెండోది ర్యాలీ. ఇందులో కార్లు ఒకదాన్నొకటి చూసుకోవు. మట్టి రోడ్డో, కొండ రోడ్డో, చిక్కమగళూరు కాఫీ తోటల మధ్య దారో, దాన్ని కొన్ని కిలోమీటర్లు మూసేస్తారు. దాన్ని స్పెషల్ స్టేజ్ అంటారు. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక కారుని వదులుతారు. ఎవరు ఎంత టైములో దాటారో సెకనులో పదో వంతు దాకా లెక్కేస్తారు. అన్ని స్టేజుల టైమూ కూడితే ఎవరిది తక్కువో వాళ్ళు గెలిచినట్టు.

నాకు బాగా నచ్చిన రూలు ఇంకొకటి ఉంది. ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి వెళ్ళే దారి మామూలు రోడ్డే. అక్కడ ఆ రేసు కార్లు కూడా సిగ్నల్ పడితే ఆగాలి, స్పీడ్ లిమిట్ దాటకూడదు. తర్వాతి చోటుకి ఫలానా నిమిషానికి చేరాలని కార్డులో రాసుంటుంది. ఆలస్యమైతే నిమిషానికి పది సెకన్ల జరిమానా. ముందే వెళ్ళిపోతే? నిమిషానికి నిమిషం! తొందరపడినవాళ్ళకే ఎక్కువ శిక్ష. మన ఊళ్ళలో ఆడవాళ్ళ కోసం పెట్టే కార్ ర్యాలీలు చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తాయి, వేగం మీద కాదు. టైము, స్పీడు, దూరం మూడూ సరిపోవాలి. పక్కన కూర్చుని లెక్కలు చేసే మనిషి లేకపోతే అక్కడ ఎంత గొప్ప డ్రైవరైనా ఓడిపోతుంది.

ఆ పక్కన కూర్చునే మనిషే కో-డ్రైవర్. నావిగేటర్ అని కూడా అంటారు. స్టేజ్ మొదలయ్యే ముందు రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ దారిలో మామూలు స్పీడుతో రెండుసార్లు వెళ్ళొస్తారు. డ్రైవర్ ప్రతి మలుపునీ చూసి ఒక నంబరు చెప్తుంటే, పక్కనున్నవాళ్ళు పెన్సిల్‌తో నోటుబుక్కులో రాసుకుంటారు. పెన్సిలే ఎందుకంటే రెండోసారి వెళ్ళేటప్పుడు దిద్దుకోవాలి. చాలామంది ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వాడతారు. కొందరికి ఆరు అంటే దాదాపు నేరు దారి, ఒకటి అంటే బాగా వంపు. కొందరికి తలకిందులు. ఎవరి లెక్క వాళ్ళది, ఆ ఇద్దరికీ తెలిస్తే చాలు. వీటినే పేస్ నోట్స్ అంటారు. రేసు రోజు హెల్మెట్‌లో మైకు పెట్టుకుని కో-డ్రైవర్ అవి చదువుతూ పోతారు: “ఎనభై మీటర్లు, ఎడమ మూడు, ముడుచుకుంటుంది, మిట్ట, కుడి రెండు, లోపలికి కోయొద్దు, రాయుంది.” మలుపు కళ్ళకి కనపడక ముందే అది డ్రైవర్ చెవిలో పడిపోవాలి. ముందు చెప్పినా తప్పే, మర్చిపోతారు. వెనక చెప్తే చెప్పక్కర్లేదు. డ్రైవర్ చూసి నడపడం లేదు, విని నడుపుతున్నారు. ధూళిలో, పొగమంచులో, రాత్రుల్లో అయితే ఇది అక్షరాలా నిజం.

ఇక్కడ నాకు తెలుగు గురించి ఒక ఆలోచన వచ్చింది. పేస్ నోట్స్ మన భాషలో చదవగలమా? మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తాత వాళ్ళది సూళ్ళూరుపేట వైపు. మణలికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. నేను రెండు భాషల్లోనూ గట్టిగా చదివి చూశాను. తమిళంలో ‘ఇడదు’, ‘వలదు’. రెండూ ‘దు’తోనే ముగుస్తాయి, ఇంజిన్ మోతలో మొదటి అక్షరం పోతే గోవిందా. తెలుగులో ‘ఎడమ’, ‘కుడి’. ఒకటి మూడక్షరాలు, ఒకటి రెండు, ఒకదానికొకటి పోలికే లేదు. తప్పు వినడం కష్టం! ఈ విషయం తమిళ డిపార్ట్‌మెంట్ స్నేహితురాలికి చెప్తే, “మాకు సోత్తాంగై, పీచ్చాంగై ఉన్నాయి, అవి తప్పు వింటావా?” అంది. ఆ రెండో మాట అర్థం ఇక్కడ రాయను. మొదటిది అన్నం తినే చెయ్యి. మన ‘కుడి’ కూడా అన్నం కుడిచే చెయ్యి అనే అర్థంతోనే వచ్చిందని మేడమ్ క్లాసులో చెప్పారు కదా, అప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. తాతని అడిగితే ఇంకో జత చెప్పాడు: దాపల, వలపల. ఎద్దుల బండికి ఎడమవైపు కట్టేది దాపల ఎద్దు, కుడివైపుది వలపల ఎద్దు. వలపలలో ఉన్న ‘వల’, తమిళ వలదులో ఉన్నదే. అంటే బండి తోలడానికి మన దగ్గర ఎప్పుడో మాటలున్నాయి, స్పీడే లేదు.

యానిమేషన్‌లోకి వద్దాం. కార్ల సిరీస్ అనగానే ప్రపంచంలో ఎక్కువమంది చెప్పే పేరు ‘ఇనిషియల్ డి’. షుయిచి షిగెనో రాసిన జపాన్ మాంగా, 1995లో మొదలైంది, 1998లో టీవీకి వచ్చింది. నిజం చెప్పాలంటే అది ర్యాలీ కాదు. రాత్రిపూట కొండ రోడ్ల మీద కుర్రాళ్ళు వేసుకునే పందేలు, చట్టం ఒప్పుకోనివి. ఆ భాగం నాకు నచ్చలేదు, నచ్చిందని రాయను. మా వైపు రాత్రి బైకులతో అలా చేసేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. అయినా ఆ సిరీస్‌ని నేను ప్రేమించడానికి కారణం తోఫు. హీరో తకుమీ వాళ్ళ నాన్నకి తోఫు కొట్టు. తెల్లవారక ముందే పాత టయోటాలో కొండ మీది హోటల్‌కి తోఫు ఇచ్చి రావాలి. తోఫు చితకకూడదు. అందుకని వాళ్ళ నాన్న కారులో ఒక కప్పు నీళ్ళు పెడతాడు, ఒలికించకుండా నడపమని. అలా ఏళ్ళతరబడి నడిపి నడిపి వాడికి ఆ విద్య వచ్చేస్తుంది. దీని తరువాతి కథ ‘ఎం.ఎఫ్. ఘోస్ట్’లో ఆ తకుమీ ఇంగ్లండ్ వెళ్ళి ర్యాలీ డ్రైవర్ అయ్యాడని చెప్తారు.

మా అమ్మది ఇడ్లీ పిండి వ్యాపారం. పొద్దున అయిదున్నరకి పిండి బకెట్ స్కూటర్ కాళ్ళ దగ్గర పెట్టుకుని మాత్తూరు దాకా వెళ్ళి నాలుగు చిన్న హోటళ్ళకి పోసి వస్తుంది. పొంగిన పిండి ఎంత మొండిదో మీలో రుబ్బేవాళ్ళకి తెలుసు. సడన్‌గా బ్రేకేస్తే ముందుకి ఎగదన్ని మూత లేపేస్తుంది. గబుక్కున పికప్ ఇస్తే వెనక్కొస్తుంది. కారులో బరువు కూడా ఇలాగే కదులుతుంది. బ్రేకేసినప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడి అవి రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి, వెనక చక్రాలు తేలికవుతాయి. ర్యాలీ డ్రైవర్లు దీన్నే వాడుకుంటారు. కుడికి తిరగాలంటే ముందు కాస్త ఎడమకి తిప్పి, బరువు ఊగనిచ్చి, ఆ ఊపుతో కారు వెనకభాగాన్ని కుడి మలుపులోకి జార్చేస్తారు. తకుమీ కప్పులో నీళ్ళు, అమ్మ బకెట్లో పిండి, రెండూ ఒకే పాఠం.

ఇనిషియల్ డిలో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మాకో, సయుకి. ఉసుయి కనుమలో మాకో నడుపుతుంది, సయుకి పక్కన కూర్చుని చెప్తుంది. ఇద్దరూ అమ్మాయిలే. కథలో మిగతావాళ్ళంతా ఒంటరిగా పందెం వేస్తుంటే వీళ్ళు మాత్రం ఇద్దరుగా వస్తారు. ఇదేదో కల్పన అనుకోకండి. 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీని ఫ్రాన్స్ డ్రైవర్ మిషెల్ మూటన్ గెలిచింది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక స్త్రీ గెలవడం అదే మొదలు. పక్క సీట్లో నోట్స్ చదివింది ఇటలీ అమ్మాయి ఫాబ్రిజియా పోన్స్. మరుసటి ఏడాది వాళ్ళు పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్ మూడూ గెలిచారు, మూటన్ ఆ ఏడు మొత్తం పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. మన దేశంలో అయితే బెంగళూరు ఐశ్వర్య పిస్సే 2019లో బైక్ మీద బాజా ర్యాలీల ప్రపంచ కప్ మహిళల విభాగంలో గెలిచింది.

బుజ్జి దగ్గర నాకు అందుకే చిన్న కోపం. కీర్తి సురేష్ గొంతు ఎంత బాగుందో, తెలివంతా దానిదే, అయినా అది ఒక బండిలో బిగించిన గొంతు. ర్యాలీలో కో-డ్రైవర్ అలంకారం కాదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కో-డ్రైవర్‌కి విడిగా బిరుదు ఇస్తారు. అన్నట్టు, సినిమా కోసం చేసిన అసలు బుజ్జి, సుమారు ఆరు టన్నుల మూడు చక్రాల బండి, తయారైంది మన తమిళనాడులోనే. మహీంద్రా వాళ్ళతో కలిసి కోయంబత్తూరులోని జయెమ్ కంపెనీ చేసింది. రేసు కార్లు కట్టే చెయ్యి అది. జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడిపిన ప్రాంతం కదా, అక్కడి తెలుగు ఇళ్ళకి ఇంజిన్ అంటే కొత్త కాదు.

మనకీ దగ్గర్లోనే ఒక చోటుంది. మణలి నుంచి రెడ్‌హిల్స్ మీదుగా నెల్లూరు రోడ్డెక్కితే షోళవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడుంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు ఎన్నో ఏళ్ళు ఆ రన్‌వే మీదే రేసులు పెట్టేవాళ్ళు. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చాక అటు వెళ్ళిపోయాయి. సూళ్ళూరుపేట బస్సులో నేను పుట్టినప్పట్నుంచీ ఆ ఊరు దాటుతూనే ఉన్నాను, నిద్రపోతూ.

ఇప్పుడు అమ్మకి ఎందుకు అర్థమైందో చెప్తాను. పోయిన ఏడు వానల్లో నీళ్ళు నిండిన గుంత కనపడక అమ్మ స్కూటర్ పడింది. వెనకే కంటైనర్ లారీ. ఆ డ్రైవరన్న ఎవరో గానీ బ్రేకేశాడు. మణికట్టు ఎముక విరిగింది, పిండంతా రోడ్డు పాలు. నాన్న ఇక చాలు, మానేయమన్నాడు. నా కాలేజీ ఫీజులో సగం ఆ పిండిదే. అమ్మ ఒక్క మాట అంది: “అది నడుపుద్ది, నేను ఎనక కూచుంటా.”

నాకు అప్పటికి లైసెన్స్ వచ్చి మూడు వారాలు. లారీల మధ్య చేతులు వణికేవి. అమ్మ ఒక చేత్తో నా భుజం పట్టుకుని, కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెప్తూ వచ్చేది: “మే, ఎడమ గుంత... లారీ ఉండాది, ఆగు... ఇప్పుడు పో... మూత లేచిన కాలవ, కుడి పక్క.” ఆ దారి పన్నెండేళ్ళుగా ఆమె ఒంట్లో ఉంది. ఆ తర్వాతే నాకు పేస్ నోట్స్ గురించి తెలిసింది. చదవగానే, ఇది మా అమ్మ చేసేదే కదా అనుకున్నాను.

ఒక ఆదివారం ఇద్దరం ఖాళీ బండి మీద ఆ దారి రెండుసార్లు వెళ్ళొచ్చాం. నోటుబుక్కులో పెన్సిల్‌తో రాశాను. ఇంటి నుంచి నలభై అడుగులు, కుడి రెండు, గుడి దగ్గర కుక్కలు, ఎడమ మూడు, గుంత. అమ్మ నవ్వింది గానీ నాలుగు చోట్ల దిద్దించింది. తారు రోడ్డు ర్యాలీల్లో స్టేజ్‌కి కాస్త ముందు ఇంకో జట్టు వెళ్ళి మంచు, బురద ఎక్కడ చేరిందో చూసొచ్చి నోట్సు మారుస్తుంది. మాకు వాన పడిన మర్నాడల్లా అదే పని. పాల ప్యాకెట్లు వేసే అన్న ముందే వెళ్ళొస్తాడు, ఆయన్ని ఆపి అడుగుతాం.

అమ్మ చెయ్యి కుదురుకుంది. బండి తనకి ఇచ్చెయ్యమని నేనే అన్నాను. “నువ్వే తోలు. నాకు ఈడ బాగుండాది,” అంది. నిన్న మాత్తూరు మలుపులో ఆమె “మూడు” అంది, నాకు నాలుగులా అనిపించింది. ఆమె మాటే విన్నాను. మలుపు అవతల ఇసుక పోసి ఉంది.