అన్నకు నప్పిన కళ్లజోడు తమ్ముడికెందుకు నప్పదు?

తాండూరు నాపరాయి పరిచిన వాకిలి చూశారా? నలుపలకల బండల మీద గుండ్రటి ముగ్గు ఇట్టే కనబడుతుంది. నలుపలకల ముగ్గేస్తే బండల గీతల్లో కలిసిపోతుంది.

ఫ్రేముదీ అదే కథ. గుండ్రటి ముఖానికి గుండ్రటి ఫ్రేము పెడితే బుగ్గల వంపే మళ్లీ కనబడి, ముఖం ఇంకాస్త బూరెలా తోస్తుంది. మూలలున్న ఫ్రేమైతే అదే ముఖం కొంచెం కోలగా అనిపిస్తుంది. ముఖం మారలేదు సుమా! మన మెదడు దేన్నయినా పక్కదానితో పోల్చే కొలుస్తుంది. చిన్న పళ్లెంలో ఇడ్లీ పెద్దగా కనిపించేదీ అందుకే.

అయితే అందం కన్నా ముందు చూపు. 2018 ఆగస్టు 15న మొదలైన ‘కంటి వెలుగు’ పథకంలో తెలంగాణ అంతటా కళ్లు పరీక్షించాకే ఉచితంగా అద్దాలిచ్చారు. దూరపు బోర్డు ఆనని పిల్లలకిచ్చే మైనస్ అద్దం నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ఫ్రేము ఎంత పెద్దదైతే ఆ మందపు అంచు అంత మిగులుతుంది, బరువంతా పాపం ముక్కు మీదే! నంబరు ఎక్కువున్నవారికి చిన్న ఫ్రేమే హాయి.

ఇక దుకాణంలో అద్దం ముందు ఓసారి గట్టిగా నవ్వి చూడాలి. బుగ్గలు తగిలి ఫ్రేము పైకి లేచిందా, ఇంకోటి చూపించమని అడగాల్సిందే.