కవచం ఆపాల్సింది వేటునా... గాయాన్నా?

ఇనుప కవచం తొడుక్కున్న వీరుడి మీదికి కత్తి లేచింది. కవచం ఏం చేయాలి? వేటు తగలకుండా చూడాలా, తగిలాక గాయాన్ని తగ్గించాలా? బల్లచుట్టూ కూర్చుని తలో పాత్రగా మారిపోయి ఆడే ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఇది!

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ విడుదల చేసిన ఆట ఇది. అంతకుముందు ఆర్నెసన్ స్నేహితులతో ఆడిస్తున్నప్పుడు ఒక్క వేటుకే వీరుడు చచ్చిపోయేవాడట. ముచ్చటపడి పెంచుకున్న పాత్ర పోతే ఎవరూరుకుంటారు! దాంతో ఆయన ఓడల యుద్ధం ఆట నుంచి ప్రాణానికి పాయింట్లు, కవచానికి అంకెలు అరువు తెచ్చారు.

ఇప్పటి పద్ధతిలో 20 ముఖాల పాచిక వేస్తారు. కవచం అంకెను అందుకుంటే వేటు తగిలినట్టే. గాయమెంతో చెప్పేది మరో పాచిక. అక్కడ మాత్రం ఉక్కు కవచమైనా ఒంటిమీది చొక్కా అయినా ఒకటే! ఇదేం న్యాయం అనుకున్నవాళ్లు, గల్లీ క్రికెట్‌లో మనం ‘గోడ దాటితే ఔట్’ అన్నట్టు, సొంత రూల్సు పెట్టుకున్నారు. గాయంలోంచి కవచం కొన్ని పాయింట్లు మింగేస్తుంది. 1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’లో అసలు నియమమే అది.

చిక్కేంటంటే... బాకు చేసే గాయం 1 నుంచి 4 పాయింట్లు. కవచం నాలుగూ మింగేస్తే ఎన్ని పోట్లు పొడిచినా శత్రువుకి చీమ కుట్టినట్టుండదు. అందుకే ‘కనీసం ఒక్క పాయింటైనా పోవాలి’ అంటూ ఇంకో సవరణ. వేటు వేటుకీ తీసివేతలతో ఆట నత్తనడకే.

లెక్కల్లేని రూలూ ఒకటుంది. ప్రాణం తీసే దెబ్బ పడగానే ‘నా డాలు పోయింది’ అనేయొచ్చు. డాలు ముక్కలవుతుంది, వీరుడు బతుకుతాడు. మరి తర్వాతి వేటుకో? డాలు ఉండదుగా!