ఖాళీ పడక ఏ ఆసుపత్రిలో?

2024 జనవరి తొలివారం. ఢిల్లీలో కదులుతున్న పోలీసు వ్యాన్ నుంచి దూకి గాయపడిన వ్యక్తిని నాలుగు ప్రభుత్వాసుపత్రులకు తిప్పారు. ఒకచోట సీటీ స్కాన్ లేదు, మరోచోట ఐసీయూ పడక లేదు. చివరికి అతను చనిపోయాడు.

క్షతగాత్రులకు వెంటనే చికిత్స చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. పరమానంద్ కటారా వేసిన ఆ కేసుకూ మూలం ఇలాంటి చావే. ఓ స్కూటరిస్టును 20 కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మంటే దారిలోనే ప్రాణం పోయింది.

2024 ఘటన తర్వాత, ఖాళీ పడకలు ఎప్పటికప్పుడు కనిపించే కేంద్రీకృత పోర్టల్ గురించి ఢిల్లీ హైకోర్టు పట్టుబట్టింది. పోర్టల్ తయారీ తేలికే. పడక నిండగానే అంకె మార్చేదెవరన్నదే చిక్కు. 2020 జూన్‌లో ఢిల్లీ ప్రభుత్వం కోవిడ్ పడకల యాప్ తెచ్చినపుడు, అందులో ఖాళీ చూసుకుని వెళ్లినవారికి గేటు దగ్గర ‘లేదు’ అనే జవాబు ఎదురైంది.